ఎండిన తడిబల్బు

మార్టూరు చుట్టుపట్ల నూలుమిల్లులలో పత్తిపోగు తెగక సాగవలెనన్నచో గాలిలో తేమ ఇంచుమించు 55 మొదలు 60 శాతము వఱకు నిలువవలెను. దానిని కొలుచుటకు తొల్లి నుండియు వాడుకలోనున్నది జంట థర్మామీటరు. అందొకదాని బల్బునకు తడిగుడ్డ చుట్టియుందురు. ఆవిరియగు నీరు బల్బును చల్లార్చును గనుక రెండింటి వ్యత్యాసమునుబట్టి తేమను లెక్కకట్టుదురు. అయితే ఆ గుడ్డ ఎండిపోయినచో వ్యత్యాసము తగ్గి, పొడిగాలియే తడిగాలివలె అంకెలో కానవచ్చును. ఆ అంకెను నమ్మి కంట్రోల్ రూములోని కుఱ్ఱవాడు నీటిజల్లు తగ్గించును. గాలి మఱింత ఎండును. అప్పుడు రింగుఫ్రేముల నడుమ తిరుగుచు తెగిన పోగుల నతుకు స్త్రీ, తెరవంక యెన్నడును చూచి యెఱుగనిది, "అబ్బాయా, మీ స్క్రీన్లో ఎంతున్నా ఉండనీ, ఇక్కడ పోగు నిలబడటంలా" అని కేకవేయును. నేడు ఎలక్ట్రానిక్ సెన్సర్లు వచ్చినవి. దూదినుసి వానిని మాత్రము విడుచునా?

తప్పుడంకెయు సరియైన అంకెయు తెరపై నొకే పచ్చకాంతితో వెలుగుట నాకు మిక్కిలి భయము గొలుపును. పలుమారులు మోసపోయిన ఆపరేటరు పిమ్మట నిజమును సైతము మన్నింపడు. 1984 డిసెంబరు 2 రాత్రి విషవాయువు వెలువడుటకు మునుపు భోపాలు కర్మాగారములో ట్యాంకు పీడనము చదరపుటంగుళమునకు 2 పౌన్లనుండి 10 పౌన్లకు పెరిగినను, మీటర్లు తఱచుగా చెడుచుండుటచే అచటివారు దానిని లెక్కసేయలేదు.

విశాఖలో జరిగినది వేఱు. 2020 మే 7 వేకువను ఎల్జీ పాలిమర్స్ ట్యాంకునుండి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురముపై వ్యాపించి 12 మందిని బలిగొన్నది. ఆ ట్యాంకున ఉష్ణోగ్రతను అడుగుభాగముననే కొలుచుచుండిరి. అడుగు చల్లగనే యుండగా పైపొరలలో ద్రవము తనంతట పాలిమరుగా గట్టిపడుచు వేడెక్కినది. సెన్సరు అబద్ధమాడలేదు, తానున్నచోటి సంగతి మాత్రము చెప్పినది. భోపాలువారిని అపనమ్మకము చెఱచినది. ఇచట నమ్మదగిన అంకెయే నమ్మరానిదైనది.

కావున తెరపై ట్యాంకుబొమ్మ గీయువారు దానినంతయు నొకే రంగుతో నింపుట మాని, సెన్సరున్నచోట చుక్కపెట్టి, కొలువని మేర నెల్ల ఖాళీగా విడువవలెనని నా మనవి. మిల్లులలోనైతే అంతటి శ్రమయు నక్కఱలేదు; తేమ అంకె ప్రక్కన సెన్సరును తుడిచిన తేదీయో, గుడ్డ మార్చిన తేదీయో కనబఱచిన చాలును. తెరలకు లక్షలు పోయువారు ఆ జానెడు గుడ్డకు వెనుకాడుదురన్న సంగతి మాత్రము మావైపు అందఱెఱిగినదే.