తవ్వా, కుంచమూ: ఒక ముందుమాట

ఈ పుస్తకం రాతప్రతి ఇంటికి వచ్చిన రోజు నేను కళ్లజోడు వెతుక్కునేలోపే మా మనవరాలు దాన్ని లాక్కుంది. వెనక పేజీల్లో మడిచి అతికించుకునే బొమ్మలున్నాయి. వాటిని పాత శుభలేఖల అట్టల మీద దించి కత్తిరించడం మొదలుపెట్టింది. సాయంత్రానికి అరుగు నిండా బహుముఖులే.

రచయిత ఒకప్పుడు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివాడు. ఘనపరిమాణాల పాఠం నేను చెప్పిన తీరు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. బోర్డు మీద సూత్రం రాయడం, అందులో అంకెలు వేయడం, అంతే. పిరమిడ్‌కి మూడో వంతే ఎందుకని వీడు లేచి అడిగితే, “పరీక్షలో అడగరు, కూర్చోరా” అన్నాను. దానికి జవాబే ఈ పుస్తకంలో రెండో అధ్యాయం.

ఆ మూడో వంతు పెద్దపెద్దవాళ్లనే బోల్తా కొట్టించింది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో త్రిభుజపు అడుగున్న పిరమిడ్‌కి, అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి సగం తీసుకోమని ఉంది. త్రిభుజానికి సగమే కదా, దీనికీ అంతే అనుకున్నాడేమో మహానుభావుడు! 628లో బ్రహ్మగుప్తుడు మూడో వంతని సరిగ్గా చెప్పాడు. అన్నట్టు, ఆ ఆకారానికి ఆర్యభటుడి పేరు షడశ్రి, ఆరు అంచులది. మనం ముఖాలు లెక్కపెట్టి చతుర్ముఖి అంటున్నాం. మా మనవరాలు అట్ట పిరమిడ్‌తో బొంబాయి రవ్వ కొలిచి, అదే అడుగూ అదే ఎత్తూ ఉన్న పట్టకంలో మూడుసార్లు పోసింది. నిండింది. చెంచాడు రవ్వ మిగిలింది గానీ, అది మా అతుకుల దోషం.

నాకు అన్నిటికన్నా నచ్చింది సరూప ఘనాల అధ్యాయం. మా వైపు లెక్కలో రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. అంటే కుంచానికి ఎనిమిది తవ్వలు. రెండూ ఒకే పోలికలో చేసినవైతే కుంచం తవ్వకి ఎన్ని రెట్లు ఎత్తుండాలి? ఎనిమిదని నోరు జారతాం. రెండు రెట్లే! ఎత్తు రెట్టింపు, మూతి అటూ ఇటూ రెట్టింపు, రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. రేకు మందం ఒకటే అయితే కుంచానికి పట్టే రేకు మాత్రం నాలుగింతలే. నమ్మకం చాలక అటక మీది ఇత్తడివి దింపించి కొలిచాను. మా కుంచం రెట్టింపు కన్నా కాస్త పొట్టి, కాస్త లావు. కంచరి సూత్రం చూసి చేయలేదు మరి.

ఆయిలర్ సూత్రం దగ్గర మాత్రం రచయితకీ నాకూ పేచీ వచ్చింది. శీర్షాల్లోంచి అంచులు తీసేసి ముఖాలు కలిపితే రెండు. ఘనానికి 8, 12, 6. పంచభుజులు 12, షడ్భుజులు 20 కలిపి కుట్టిన పాత ఫుట్‌బాల్‌కి 60, 90, 32. వీడు అక్కడితో ఆపేశాడు. నడుమ ఖాళీ ఉన్న ఫొటో చట్రం సంగతేమిట్రా అన్నాను. మూలల్లో ఐమూలగా కోసి అతికిన చట్రంలో ఆ అతుకుల్నీ అంచులుగా లెక్కవేస్తే శీర్షాలు 16, అంచులు 32, ముఖాలు 16. వచ్చేది రెండు కాదు, సున్నా.

“పిల్లలు కంగారు పడతారు మాస్టారూ.”

“పడనీరా.”

చివరికి ఆ చట్రం అధ్యాయం ఆఖర్న ఓ ప్రశ్నగా చేరింది, జవాబు లేకుండా. మా మనవరాలు గోడ మీది తాతమ్మ ఫొటో దింపి ఒళ్లో పెట్టుకుంది. మూలలు అయ్యాయట, అంచుల దగ్గర లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టింది.