దూరవైద్యము – వైద్యుల శంక

తెలుగు పల్లెలలో మంచి వైద్యుని గూర్చి చెప్పేటప్పుడు ఆయన చదువు కంటె ముందు ఆయన హస్తవాసిని గూర్చి చెప్పుకొంటారు. మందు అదే అయినా, ఇచ్చిన చేయి మంచిదైతే జబ్బు కుదురుతుందని నమ్మకము. ఈ నమ్మకములో శాస్త్రమెంత అన్నది వేరు సంగతి. వైద్యుడు రోగిని తాకి చూస్తాడనే ఊహ మాత్రము ఆ మాటలోనే ఇమిడి ఉన్నది. 2020 మార్చిలో కోవిడ్ మహమ్మారి దేశమును కమ్ముకొన్నపుడు వైద్యులను కోరినది సరిగా దీనికి విరుద్ధమైన పని. రోగిని దగ్గరకు రానీయక, ఫోనులో విని, తెరమీద చూచి మందు చెప్పవలసినదని. దీనినే టెలిమెడిసిన్ అంటున్నారు. తెలుగులో దూరవైద్యము అనవచ్చును.

దూరవైద్యము పట్ల డాక్టర్ల వైఖరి ఏమిటనే ప్రశ్న ఆ తరువాతి రెండు మూడు సంవత్సరములలో పలుచోట్ల పరిశీలనకు వచ్చినది. ప్రశ్నావళులు పంపినారు, జవాబులు లెక్క కట్టినారు. ఈ విషయమై జరిగిన చర్చలలో ఒక ధోరణి తరచు కనబడుతుంది. వైద్యులు కొత్త సాధనములను చూచి జంకుతారు, అలవాటైతే సర్దుకొంటారు అని. శంకించినవాడు వెనుకబడినవాడు, ఒప్పుకొన్నవాడు ముందుచూపు గలవాడు అనే తీర్పు దీనిలో ముందుగానే చేరి ఉన్నది. ఆ శంకలో పస ఎంత అని విచారించిన వారు తక్కువ.

ఈ ధోరణి గలవారు సాధారణముగా స్టెతస్కోపు కథ ఎత్తుతారు. 1816లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు లెనెక్ ఒక స్త్రీ రొమ్మునకు చెవి ఆనించి వినుటకు మొగమాటపడి, కాగితమును గొట్టముగా చుట్టి, ఒక కొన ఆమె గుండెమీద, మరొక కొన తన చెవి వద్ద పెట్టి విన్నాడు. ఆ గొట్టమును చూచి పెదవి విరిచినవారు లేకపోలేదు. నేడు అదే డాక్టరుకు చిహ్నము. టెలిఫోను కథ కూడ ఇంతే అంటారు. పోలిక వినుటకు బాగున్నది కాని నిలువదు. స్టెతస్కోపు వైద్యునికి, రోగికి మధ్య జానెడు దూరము తెచ్చిన మాట నిజమే. ఆ దూరమునకు బదులుగా ఉత్త చెవికి అందని ధ్వనులను అందించినది. టెలిఫోను చేసేది దీనికి తలక్రిందులు. అది దూరమును పెంచి, ధ్వనిని తగ్గిస్తుంది.

ఎంత తగ్గిస్తుందో భౌతికశాస్త్రము చదివే విద్యార్థులు లెక్కలో చూడవచ్చును. మనిషి చెవి సెకనుకు సుమారు 20 నుండి 20,000 కంపనముల వరకు వినగలదు. సంభాషణ అర్థమగుటకు అంత అక్కర లేదు గనుక పాత టెలిఫోను పద్ధతి 300 నుండి 3,400 వరకు గల కంపనములనే పంపేటట్లు ఏర్పాటు చేసినారు. గుండె చేసే 'లబ్ – డబ్' శబ్దముల బలము చాలవరకు 20కి 150కి మధ్య ఉన్నది. అనగా టెలిఫోను జల్లెడలో మొట్టమొదట జారిపోయేది గుండె చప్పుడే! నేటి సెల్‌ఫోన్లలోని మెరుగైన పద్ధతి సుమారు 50 నుండి 7,000 వరకు పంపగలదు. ఐతే అందులో మరొక చిక్కు ఉన్నది. మాట స్పష్టముగా వినబడుటకై, వెనుక వినబడే సన్నని చప్పుళ్ళను రొదగా ఎంచి అణచివేసే ఏర్పాటు ఫోనులో ఉంటుంది. న్యుమోనియా రోగి ఊపిరితిత్తులలో వినబడే సన్నని చిటపట దాని దృష్టిలో రొదయే. ఒక విద్యార్థి తన ఫోనును రొమ్మునకు ఆనించి ప్రక్క గదిలోని మిత్రునికి వినిపించి, ఆ మిత్రుడే తరువాత ఒక గరాటుతో నేరుగా విని పోల్చితే ఈ విషయము తరగతిలోనే తేలుతుంది.

ఐతే టెలిఫోను బొత్తిగా పనికిరాదనుటయు తప్పే. అది పుట్టిన మూడేండ్లకే, 1879లో, లండనులోని లాన్సెట్ వైద్యపత్రికలో ఒక వార్త వచ్చినది. రాత్రివేళ ఒక బిడ్డకు దగ్గు వచ్చి ఇంటివారు కంగారుపడగా, బిడ్డను టెలిఫోను దగ్గరకు ఎత్తి పట్టుకొమ్మని డాక్టరు చెప్పి, దగ్గు విని, అది గొంతు పూడ్చే క్రూపు జబ్బు కాదని తేల్చినాడట. దగ్గు గట్టి ధ్వని. టెలిఫోను జల్లెడలో నిలుస్తుంది. 1905లో హాలండులోని లైడెన్ నగరములో ఐంథోవెన్ అనే శాస్త్రజ్ఞుడు ఆసుపత్రిలోని రోగి గుండె విద్యుత్తును టెలిఫోను తీగ ద్వారా సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరములోని తన ప్రయోగశాలకు రప్పించి, అక్కడ గీతగా గీయించినాడు. కాబట్టి దూరము అన్నిటిని సమానముగా హరించదు. గీతగానో అంకెగానో మారగలిగినది ఎంతదూరమైనా చెడకుండ పోతుంది. వ్రేళ్ళకు తెలిసే కడుపు బిగువు, కాలివాపును నొక్కితే పడే గుంట, ఒంటి చెమట — ఇవి అట్లా పోవు.

ఈ తేడా వలన కలిగే ఫలితము ఒక ఊరిని తీసికొని చూస్తే బాగుగా బోధపడుతుంది. పల్నాటిలోని మాచవరం కృష్ణానదికి సమీపములో ఉన్న మండల కేంద్రము. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడువరకు గుంటూరు జిల్లాలోనిది. పత్తి, మిరప పండే నేల. జబ్బు ముదిరితే పిడుగురాళ్ళకో, నరసరావుపేటకో, చివరకు గుంటూరు పెద్దాసుపత్రికో పోవలసినదే. 2020 ఏప్రిల్, మే నెలలలో ఆ నరసరావుపేటయే కోవిడ్ కేసులు ఎక్కువగా వచ్చి కట్టడిలో పడినది. బస్సులు లేవు. అటువంటి రోజులలో మాచవరంలోని ఒక రైతు ఇంటినుండి డాక్టరుకు ఫోను వచ్చినదని ఊహింపవచ్చును. జ్వరము వచ్చి ఆరవ రోజు.

"ఆయాసమేమైనా ఉన్నదా అమ్మా?"

"ఏం లేదండీ డాక్టరు గారూ. బాగానే మాట్లాడుతున్నాడు. కాస్త నీరసం, అంతే."

ఆ ఇల్లాలు అబద్ధము చెప్పలేదు. కోవిడ్‌లో కొందరికి రక్తములోని ప్రాణవాయువు ప్రమాదకరముగా తగ్గిపోయినా ఆయాసము తెలియలేదు. ఊపిరాడని బాధ ముఖ్యముగా ఒంటిలో బొగ్గుపులుసు వాయువు పేరుకొనుట వలన కలుగుతుంది. ఈ జబ్బు తొలిదశలో చాలమందికి ఆ వాయువు బయటికి పోతూనే ఉన్నది గనుక ప్రమాదఘంట మ్రోగలేదు. రోగి ఎదుట కూర్చుంటే డాక్టరు నిమిషమునకు ఎన్ని ఊపిరులు తీస్తున్నాడో లెక్కపెట్టి, పెదవుల రంగు చూచి, అనుమానము తీర్చుకొనును. ఫోనులో "ఏం లేదండీ" అన్న మాట తప్ప ఆయనకు దక్కినది ఏమీ లేదు. ఆయన శంకించినది దీనిని. ఆ శంకకు పాతకాలపు బుద్ధి అని పేరు పెట్టుట అన్యాయము.

అదే రైతు వ్రేలికి ఆక్సీమీటరు తగిలించి, "89 చూపుతున్నదండీ" అని చెప్పగలిగితే కథ మారును. గుంటూరుకు తరలించవలసినదని డాక్టరు తక్షణమే చెప్పగలడు. ఈ చిన్న సాధనము వ్రేలిగుండ ఎర్రని కాంతిని, కంటికి కనబడని పరారుణ కాంతిని పంపుతుంది. ప్రాణవాయువు నింపుకొన్న రక్తము పరారుణమును ఎక్కువగా, ఎరుపును తక్కువగా పీల్చుకొంటుంది. ప్రాణవాయువు లేని రక్తము అందుకు మారుగా చేస్తుంది. ధమనిలో రక్తము కొట్టుకొనుటను బట్టి రెంటి నిష్పత్తిని కొలిచే పద్ధతిని 1970ల మొదటి భాగములో జపాను ఇంజనీరు తకువో అఓయాగి కనిపెట్టినాడు. తన సాధనము ప్రపంచమంతట ఇంటింట అవసరమైన ఆ 2020లోనే, ఏప్రిల్ 18న, ఆయన మరణించినాడు. సాధనమునకు లోపములు లేకపోలేదు. వ్రేలు చల్లబడినా, గోటికి రంగు ఉన్నా తప్పు చూపవచ్చును. ఒంటి రంగు కూడ దీనిని మోసగిస్తుంది. ప్రాణవాయువు తగ్గియుండియు సాధనము బాగున్నట్లు చూపుట తెల్లవారిలో కంటె నల్లవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరిగినదని 2020 డిసెంబరులో అమెరికా నుండి ఒక పరిశీలన వెలువడినది. నల్లని మేను సామాన్యమైన మన ప్రాంతములలో దీనిని తేలికగా తీసికొనరాదు. కాబట్టి సాధనము ఒక్కటి చాలదు. దానిని సరిగా తగిలించి, అంకెను అనుమానించి, మళ్ళీ తీసి చూచే శిక్షణగల చేయి రోగివైపున ఉండవలెను.

ఈ దృష్టితో చూచినపుడు 2020 మార్చి 25న వెలువడిన దూరవైద్య మార్గదర్శక సూత్రముల గుణదోషములు స్పష్టమగును. దేశమంతట రాకపోకలు స్తంభించిన రోజే అవి వెలువడినవి. భారత వైద్యమండలి స్థానములో ఉండిన పాలకవర్గము నీతి ఆయోగ్ తోడ్పాటుతో వాటిని తయారు చేసినది. అంతకు పూర్వము డాక్టర్లకు చట్టభయము ఉండినది. 2018 జూలైలో రోగిని చూడకుండ టెలిఫోనులో మందులు చెప్పిన ఒక కేసులో బొంబాయి హైకోర్టు డాక్టర్లకు ముందస్తు బెయిలు నిరాకరించిన తరువాత, ఫోను ఎత్తుటకే కొందరు వెనుకాడినారు. సూత్రములు ఆ భయమును తీర్చినవి. డాక్టరు తన పేరు, రిజిస్ట్రేషను నంబరు చెప్పవలెను. రోగి ఎవరో తెలిసికొనవలెను. రికార్డు ఉంచవలెను. ఫోను చాలదని తోచినపుడు నేరుగా వచ్చి చూపించుకొనవలసినదని చెప్పే హక్కు ఆయనకు ఉన్నది. ఈ చివరి వాక్యము మొత్తములో ఉత్తమమైనది. శంకించుట డాక్టరు బలహీనత కాదని, ఆయన విధిలో భాగమని అది ఒప్పుకొన్నది.

దోషము మందుల జాబితాల వద్ద ఉన్నది. పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ పొడి వంటివి ఏ పద్ధతిలోనైనా చెప్పవచ్చును. అంతకంటె పైతరగతి మందులు మొదటిసారి చెప్పుటకు వీడియో ఉండవలెను. మత్తు కలిగించే కొన్ని మందులు అసలే పనికిరావు. ఈ మూడవది సబబే. రెండవదానిలో వీడియోకు ఇచ్చిన గౌరవము మాత్రము ఆలోచింపదగినది. మాచవరం రైతు ముఖము తెరమీద ఎంత స్పష్టముగా కనబడినా 89 అనే అంక కనబడదు. ఎదురుగా ఒక నర్సు కూర్చుండి ఆ అంక తీసి మామూలు ఫోనులో చెబితే, వీడియో లేకున్నా డాక్టరుకు ఎక్కువ తెలుస్తుంది. ఆరోగ్య కార్యకర్త రోగిని పరీక్షించి డాక్టరుతో మాట్లాడే పద్ధతిని గూర్చి సూత్రములలో వేరుగా వ్రాసినారు, బాగుగానే వ్రాసినారు. కాని ఏ మందు చెప్పవచ్చునన్న నిర్ణయము ప్రధానముగా తెర ఉన్నదా లేదా అనే దానిమీద నిలిచినది కాని, రోగి దగ్గర ఎవరున్నారు అనే దానిమీద కాదు.

తెలుగునాట ఈ సంగతి అంతకు ముందే అనుభవములోనిది. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థవారి దూరవైద్య కేంద్రమును 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దూరమునుండియే ప్రారంభించినాడు. అక్కడ రోగి ప్రక్కన ఆసుపత్రి, సిబ్బంది ఉండిరి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లె కేంద్రములలో శిక్షణ పొందిన సాంకేతికులు కంటిని పరీక్షించి, పై డాక్టరుతో సంప్రదిస్తారు. 2020 ఏప్రిల్ 13న ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము ప్రారంభించిన 14410 నంబరు పద్ధతి వేరు. ఇంటినుండి మిస్డ్ కాల్ ఇస్తే డాక్టరు తిరిగి పలికే ఏర్పాటు అది. అంతా మూతబడిన రోజులలో అది లేకుంటే చాలమందికి ఏ డాక్టరు గొంతూ వినబడేది కాదు. దాని మేలు అంతవరకే. రోగివైపున చేయి దానిలో లేదు.

ఇక ప్రశ్నావళుల సంగతి. డాక్టర్లను దగ్గరకుపోయి అడిగే వీలులేని కాలములో అవి చాలవరకు ఇంటర్నెట్టు ద్వారానే పోయినవి. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక అధ్యక్ష ఎన్నికల ఫలితము ముందుగా చెప్పుటకై టెలిఫోను డైరెక్టరీలనుండి, మోటారు కార్ల పట్టికలనుండి పేర్లు తీసి సుమారు కోటిమందికి చీట్లు పంపినది. 24 లక్షల జవాబులు వచ్చినవి. లాండన్ గెలుస్తాడని తేల్చినది. 48 రాష్ట్రములలో 46 గెలిచినవాడు రూజ్‌వెల్టు! ఫోను, కారు ఉన్నవారినే అడిగినందున వచ్చిన చిక్కు అది. ఓపికతో జవాబు వ్రాసినవారు కూడ ఒక ప్రత్యేక వర్గమే. తెరమీద వచ్చిన ప్రశ్నకు తెరమీద జవాబిచ్చిన డాక్టర్లు తెరవైద్యమును మెచ్చుకొన్నారంటే ఆశ్చర్యమేమున్నది? మరొక విషయము. భారత వైద్యసంఘము లెక్క ప్రకారము కోవిడ్ మొదటి విజృంభణలోనే 700 పైచిలుకు డాక్టర్లు చనిపోయినారు. ప్రాణభయమున్న కాలములో "ఫోనులో చూచుట మీకిష్టమా" అని అడిగితే వచ్చే అవును, శాంతికాలములో వచ్చే అవును ఒకటి కావు. రెంటినీ ఒకే గడిలో వేసిన పట్టికను జాగ్రత్తగా చదువవలెను.

కేంద్రప్రభుత్వపు ఇ-సంజీవని ద్వారా జరిగిన సంప్రదింపులు 2023 ఫిబ్రవరిలో 10 కోట్లు దాటినవి. అందులో మూడు కోట్లకు పైగా ఆంధ్ర ప్రదేశ్‌వే, రాష్ట్రములలో ప్రథమస్థానము. ఈ సంఖ్యను గొప్పగా చెప్పుకొన్నారు, చెప్పుకొనదగినదే. ఐతే దానిలో అత్యధికభాగము ఇండ్లనుండి వచ్చిన పిలుపులు కావు. ఆరోగ్య కేంద్రములలో కార్యకర్త రోగిని కూర్చుండబెట్టి, నాడి, రక్తపుపోటు చూచి, పై డాక్టరును తెరమీదికి పిలిచినవి. 10 కోట్ల లెక్కలో డాక్టరు ఉన్నాడు, రోగి ఉన్నాడు. రోగిని తాకి చూచిన మూడవ మనిషికి, డాక్టర్ల వైఖరిని విచారించిన ప్రశ్నావళి అందదు. ఆమె ఏ అంకెను ఎట్లా తీసినదో, ఎన్నిసార్లు డాక్టరు కంటె ముందు తానే అనుమానించినదో చెప్పే గడి ఆ పట్టికలో లేదు.