నవలను నిలబెట్టే కుట్టు

వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలను పుస్తకంగా నిలబెట్టేది బైండింగు చేసే చెయ్యి. ఆంధ్రభూమి నుంచి చింపి దాచిన 'తులసిదళం' కాగితాలైనా, వీపు ఊడిన 'వేయిపడగలు' అయినా బైండరు ముందు తుప్పుపట్టిన పిన్నులు పీకి, పేజీల వరుస చూసుకుని, కట్టను బల్లమీద తట్టి అంచులు కలుపుతాడు. అసలు నేర్పంతా ఆ తర్వాతే. దబ్బనంతో పొడిచే బెజ్జం అక్షరాల వైపు జరిగితే మాటలు కుట్టులో చిక్కుకుంటాయి, చదివేవాళ్లు పుస్తకాన్ని విరిచి పట్టుకోవాల్సొస్తుంది. అంచుకు జరిగితే పెళుసుబారిన కాగితం దారం లాగుడుకే చిరిగిపోతుంది. ఆ సందును అతను కంటితోనే కొలుస్తాడు. ఎంత ఓపికైన పనో! పురుగు పట్టకుండా మైదా జిగురులో కాస్త మైలుతుత్తం కలిపి, వీపుకు కాలికో గుడ్డ, రెండువైపులా దళసరి అట్టలు అంటించి, రాత్రంతా బరువు కింద ఉంచుతాడు. మర్నాడు అంచులు కత్తిరించేటప్పుడు కూడా పక్కన ఎవరో పెన్సిలుతో రాసుకున్న మాట తెగిపోకుండా చూస్తాడు. నలుగురూ అడిగి పట్టుకెళ్లినా ఆ నవల మళ్లీ ఒక్క పేజీ ఊడకుండా ఇల్లు చేరుతుంది.