లెక్క చెప్పేది, చూసి చెప్పేది

ఎలక్ట్రిక్ కారులో దూరప్రయాణం పెట్టుకున్నవాళ్లను రెండు ప్రశ్నలు వేధిస్తాయి. ఎక్కడ ఆగితే సరిపోతుంది? ఆగిన చోట చార్జర్ పని చేస్తుందా? మొదటిదానికి జవాబు చెప్పేది ఎ బెటర్ రూట్‌ప్లానర్, వాడేవాళ్ల నోట ఏబీఆర్‌పీ. రెండోదానికి ప్లగ్‌షేర్. రెండిట్లోనూ కనిపించేది మ్యాపూ, దాని మీద పిన్నులే. అందుకే ఏదో ఒకటి ఉంటే చాలనుకుని బయల్దేరేవాళ్లు ఎక్కువ. హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అవి ఎంత వేరో అర్థమవుతుంది.

వాటి పుట్టుకలోనే ఆ తేడా ఉంది. ఏబీఆర్‌పీని తయారు చేసింది స్వీడన్ ఇంజనీరు బో లింకన్. కారు ఏ వేగంలో, ఏ ఎత్తులో, ఏ వాతావరణంలో ఎంత కరెంటు తింటుందో లెక్కగట్టడమే దాని పని. ఆయన కంపెనీ ఇటెర్నియోను 2023లో రివియన్ కొనుక్కుంది. ప్లగ్‌షేర్ 2011లో అమెరికాలో మొదలైంది. దారిన పోయే ఎలక్ట్రిక్ కారువాళ్లు మా ఇంటి ప్లగ్ వాడుకోవచ్చని జనం ఒకరికొకరు చెప్పుకోవడం దాని తొలి రూపం. 2021లో దాన్ని ఈవీగో అనే చార్జింగ్ కంపెనీ కొన్నది. యజమానులు మారినా ఈ రెండిటి స్వభావం మారలేదు. మొదటిది భౌతికశాస్త్రాన్ని నమ్ముతుంది, రెండోది తోటి ప్రయాణికుడి మాటను.

ముందు లెక్క సంగతి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. విజయవాడ కృష్ణ ఒడ్డున, పాతిక మీటర్ల లోపు. మనుషులు, సామాను కలిపి 1,700 కిలోల బరువున్న కారు తిరుగు ప్రయాణంలో ఆ ఎత్తు ఎక్కడానికే రెండుంబావు యూనిట్లకు పైగా ఖర్చు పెట్టాలి. యూనిటుకు ఏడు కిలోమీటర్లు వచ్చే కారుకు అది 16 కిలోమీటర్ల దూరంతో సమానం. ఈ ఎక్కుడు 270 కిలోమీటర్ల పొడవునా పరుచుకుని ఉంటుంది కాబట్టి నడిపేవాడి కంటికి ఆనదు. వచ్చేటప్పుడు సులువుగా వచ్చాం, వెళ్లేటప్పుడు చార్జ్ త్వరగా దిగిపోతోందేమిటని కంగారు పడేవాళ్లున్నారు. ఏబీఆర్‌పీ ఈ ఎత్తుపల్లాలను లెక్కలోకి తీసుకుంటుంది. ప్లగ్‌షేర్‌లోనూ ట్రిప్ ప్లానర్ ఉంది గానీ, దారి పక్కన ఏ చార్జర్లున్నాయో చూపించడమే దాని ప్రధానమైన పని. ఈ విషయంలో రెండిటికీ పోలికే లేదు.

అయితే ఆ లెక్కకు మనం ఇచ్చే అంకెలు మన రోడ్డువి అయివుండాలి. ఏబీఆర్‌పీ కారు వాడకాన్ని గంటకు 110 కిలోమీటర్ల వేగం దగ్గర కొలమానంగా పెట్టుకుంటుంది. ఊళ్లూ, టోల్‌గేట్లూ, అడ్డంగా వచ్చే బళ్లూ ఉన్న మన జాతీయ రహదారి మీద కుటుంబంతో వెళ్లేవాడు నడిపేది 80, 90ల్లో. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. నాలుగైదు ప్రయాణాల్లో కారు నిజంగా ఎంత తిన్నదో చూసుకుని ఆ అంకెను, గరిష్ఠ వేగాన్ని సరిచేసుకుంటే తప్ప ఆ ప్లాను మనకు అక్కరకు రాదు.

దీనికంటే పెద్ద చిక్కు ఆగిన చోట వస్తుంది. ఒక్కో స్టాపుకు చార్జింగ్ సమయం కాక ఇంకెంత పడుతుందో చెప్పమని ఏబీఆర్‌పీ అడుగుతుంది. మనం చెప్పకపోతే ఐదు నిమిషాలు వేసుకుంటుంది. మన పెట్రోల్ బంకులో జరిగేది చూడండి. చార్జర్ ముందు పెట్రోలు కారు పెట్టి ఎవరో టిఫినుకు వెళ్లి ఉంటారు, వాళ్లను పిలవాలి. ఆ చార్జర్ నెట్‌వర్క్ యాప్ మన ఫోన్లో ఉండదు. దింపుకోవాలి, ఓటీపీ రావాలి, వాలెట్లో డబ్బు వేయాలి. కారుకు చార్జింగ్ గన్ను పెట్టాక మెషీన్ ఒకటి రెండుసార్లు ఎర్రర్ చూపిస్తుంది. బంకు కుర్రాడు వచ్చి ఎర్ర బటన్ తిప్పి మళ్లీ పెట్టమంటాడు. కారు కరెంటు తీసుకోవడం మొదలయ్యేసరికి పావుగంట దాటుతుంది. ఇక మెషీన్ మీద 60 కిలోవాట్లని రాసి ఉన్నా, దానికి రెండు గన్నులుండి రెండో గన్ను మీద ఇంకో కారు ఉంటే చాలాచోట్ల మనకు వచ్చేది 30. అరగంటలో అవుతుందనుకున్న 24 యూనిట్లకు 48 నిమిషాలు కావాలి. కాగితం మీద లెక్క తప్పలేదు, అయినా భోజనం వేళకు చేరాల్సినవాళ్లు మధ్యాహ్నం దాటాక చేరతారు.

ఇక్కడే ప్లగ్‌షేర్ విలువ తెలుస్తుంది. దాని పిన్ను మీద నొక్కితే ముందు కనిపించేది పదికి ఇన్నని ఒక స్కోరు. దాన్ని వదిలేసి కిందికి వెళ్లాలి. చెకిన్లు చదవాలి. ఎవరు, ఏ కారుతో, ఏ తేదీన వచ్చారు, ఎన్ని కిలోవాట్లు అందాయి, రెండో గన్ను ఎప్పటినుంచి పనిచేయడం లేదు, చార్జర్ హోటలు ముందుందా వెనకుందా, రాత్రి గేటుకు తాళం వేస్తారా. ఫొటోలు కూడా ఉంటాయి. ఈ రెండు ముక్కల వ్యాఖ్యల్లో ఉన్న సమాచారం ఏ సూత్రంలోనూ దొరకదు. ముక్కూమొహం తెలియనివాడు ఎండలో నిలబడి, తన వెనక వచ్చేవాడి కోసం టైపు చేసిన మాట అది. ఆ ఓపికకు మనం రుణపడి ఉన్నాం. చార్జ్ చేసుకుని ఏమీ రాయకుండా వెళ్లిపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

ప్లగ్‌షేర్‌కూ లోపాలున్నాయి. పోయిన ఏడాది ఇద్దరు మెచ్చుకున్న చార్జర్, నిన్న ఇరవైమంది వాడిన చార్జర్ ఒకే స్కోరుతో కనిపించవచ్చు. విజయవాడ వెళ్లే ఎన్‌హెచ్ 65 లాంటి రద్దీ దారిలో చెకిన్లు దండిగా ఉంటాయి, లోపలి దారుల్లోకి వెళ్లేకొద్దీ పలచబడతాయి. అంటే సాక్ష్యం ఎక్కువ అవసరమైన చోటే సాక్షులు తక్కువ.

శ్రీశైలం దారి ఇందుకు మంచి ఉదాహరణ. హైదరాబాద్ నుంచి సుమారు 215 కిలోమీటర్లు. మన్ననూరు దాటితే నల్లమల అడవి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా రాకపోకలు ఆపేస్తారు. చివర్లో ఘాట్ కృష్ణ దాకా దిగి మళ్లీ పైకెక్కుతుంది. 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు వెళ్లగలదు, చార్జ్ చేయకుండా తిరిగి రాలేదు. ఇక్కడ ఏబీఆర్‌పీ దిగుడులో తిరిగొచ్చే కరెంటునూ ఎక్కుడులో పోయేదాన్నీ చక్కగా చెబుతుంది. కానీ ప్రయాణం తేలేది బస చేసే సత్రంలో కారు పెట్టే చోటికి 15 ఆంపియర్ల సాకెట్ అందుతుందా లేదా అన్న దాని మీద. గంటకు మూడు యూనిట్లకు కాస్త తక్కువైనా, పది గంటల్లో పాతిక యూనిట్లు ఎక్కుతాయి. ఇలాంటి ప్లగ్గుల కబురు చెప్పడానికే ప్లగ్‌షేర్ పుట్టింది. అందులోనూ లేకపోతే సత్రానికి ఫోన్ చేయడమే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ గొడవ అంతగా పట్టదు. టెస్లా కారు తన సూపర్‌చార్జర్లను తనే ఎంచుకుని, చేరేలోపు బ్యాటరీని కూడా వేడెక్కించి సిద్ధం చేసుకుంటుంది. ఒక్కో చోట ఎనిమిదో పన్నెండో స్టాళ్లుంటాయి కాబట్టి ఒకటి చెడినా ప్రయాణం ఆగదు. అలాంటి చోట లెక్క ఒక్కటే చాలు. ఒక మెషీన్, రెండు గన్నులు ఉన్న మన దారుల్లో చాలదు.

అందుకని మన రోడ్ల మీద నేను పెద్దపీట వేసేది ప్లగ్‌షేర్‌కే. ముందు అందులో గత రెండు వారాల్లో చెకిన్లున్న చార్జర్లను ఏరుకుని, ఆ చోట్లనే ఏబీఆర్‌పీలో స్టాపులుగా పెట్టి లెక్క వేయించాలి. ఏబీఆర్‌పీనే ముందు ఎంచుకోనిస్తే నిమిషాలు ఆదా చేసే చార్జర్ చూపిస్తుంది, నమ్మదగ్గది చూపిస్తుందన్న భరోసా లేదు. అది చార్జర్ దగ్గరికి 10 శాతంతో చేరడానికి మామూలుగా ఒప్పుకుంటుంది. మన 40 యూనిట్ల కారుకు 10 శాతం అంటే నాలుగు యూనిట్లు, 28 కిలోమీటర్లు. విజయవాడ దారిలో సూర్యాపేట దగ్గర మెషీన్ పనిచేయకపోతే ముందున్న కోదాడ 45 కిలోమీటర్లు, 16 శాతం కావాలి. కాబట్టి సూర్యాపేటకు 25 శాతం తగ్గకుండా చేరేలా ఆ అంకెను చేత్తో మార్చాలి. అడిగితే దగ్గర్లోని వేరే చార్జర్లను ఏబీఆర్‌పీ చూపిస్తుంది. మనకు కావలసింది, ఈ చార్జర్ చెడితే తర్వాతిదాకా చేరేంత నిల్వను స్టాపు స్టాపుకూ తనే లెక్కగట్టి పెట్టడం. అన్ని ఎత్తుపల్లాలు లెక్కించగలిగిన యంత్రానికి అది అసాధ్యమేమీ కాదు. ప్లగ్‌షేర్ కూడా స్కోరు పక్కనే చివరి విజయవంతమైన చెకిన్ తేదీని అంతే పెద్ద అక్షరాల్లో వేస్తే, కిందిదాకా చదివే తీరిక లేనివాళ్లు కూడా చెడిపోయిన మెషీన్ ముందుకు వెళ్లి ఇరుక్కోరు.