గాయపడిన బాల్యం, దీర్ఘకాలిక అనారోగ్యం: రెండు తెలుగు నవలల పునఃపఠనం

తెలుగు మనోవైజ్ఞానిక నవల ప్రస్తావన వచ్చినప్పుడు ముందుగా స్ఫురించేవి 1940లలో వెలువడిన రెండు రచనలు: త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. సీతారామారావు పతనాన్ని అహంకార ఆత్మన్యూనతల సంఘర్షణగాను, దయానిధి ఏకాకితనాన్ని అస్తిత్వ వేదనగాను వివరించడం పరిపాటి. ఈ వివరణలు వయోజనుడి మనస్సు దగ్గర మొదలై అక్కడే ముగుస్తాయి. పాత్రలు పెరిగిన ఇంటినీ, ఆ పెంపకం మిగిల్చిన రుగ్ణతనూ కేంద్రంగా చేసుకొని ఈ నవలలను తిరిగి పరిశీలించవలసి ఉంది.

ఇందుకు వైద్యరంగం ఒక ఆధారాన్ని సమకూర్చింది. 1998లో ప్రకటించిన అధ్యయనంలో ఫెలిట్టి, ఆండా బృందం అమెరికాలోని సాన్ డీగోలో 9,508 మంది వయోజనుల బాల్యానుభవాలను సేకరించి, వారి ఆరోగ్యంతో పోల్చి చూసింది. దూషణ, దెబ్బలు, లైంగిక హింస, తల్లిపై జరిగే హింసను చూడడం వంటి ఏడు రకాల అనుభవాలను లెక్కలోకి తీసుకొంది. వీటిలో నాలుగు లేదా అంతకు మించి ఎదుర్కొన్నవారిలో మద్యవ్యసనం, కుంగుబాటు, ఆత్మహత్యాప్రయత్నం వంటివి నాలుగు నుంచి పన్నెండు రెట్లు అధికంగా కనిపించాయి. అనుభవాల సంఖ్య పెరిగేకొద్దీ గుండె, ఊపిరితిత్తులు, కాలేయ వ్యాధులూ పెరిగాయి. ఎడతెగని భయం శరీరపు ఒత్తిడి వ్యవస్థను సడలనివ్వదు. దానిని తట్టుకొనేందుకు పట్టుకొన్న పొగ, మద్యం కాలక్రమంలో జబ్బులుగా పరిణమిస్తాయి.

ఈ కొలమానంతో దయానిధిని పరిశీలిస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. అతడిని గాయపరిచింది ఇంట్లోని దెబ్బ కాదు, తల్లి శీలాన్ని గురించి లోకం అన్న మాట. ఆ అపవాదు అతడి చదువులోకీ, వివాహంలోకీ, వైద్యవృత్తిలోకీ వెంట వస్తుంది. ఇతరుల రోగాలను గుర్తించగల వైద్యుడు తన ప్రేమరాహిత్యానికి మూలం వెతుక్కుంటూ జీవితమంతా గడపడం ఈ నవలలోని విషాదం. 1998 నాటి ఏడు అంశాలూ హింసకు, ఇంటి పరిస్థితులకు సంబంధించినవి; వాటిలో లోకనిందకు స్థానం లేదు. తోటివారి వేధింపు, సామాజిక హింస ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళిలో తరవాత చేరాయి. ఈ వరుసలో శాస్త్రం కంటే నవలే ముందు నడిచింది.

సీతారామారావు కథ మరింత సూక్ష్మం. అతడి తండ్రి క్రూరుడు కాడు. ఆస్తిని కరగదీసి, వంశప్రతిష్ఠను నిలబెట్టమనే భారాన్ని మరణవేళ కొడుకు మీద ఉంచినవాడు. ప్రశ్నించడానికి వీలులేని ఆ ఆజ్ఞ నిష్క్రియగా, ఇంటివారిపై కాఠిన్యంగా, చివరకు ఆత్మవిధ్వంసంగా మారుతుంది. ఈ నవలను గోపీచంద్ ‘ఎందుకు’ అని ప్రశ్నించడం నేర్పిన తన తండ్రికి అంకితమిచ్చారు. అంకితంలోని తండ్రికీ కథలోని తండ్రికీ మధ్య ఉన్న ఈ అంతరమే పెంపకాన్ని గురించి నవల చేసే వ్యాఖ్యానం. ప్రేమ ఉన్నంత మాత్రాన పెంపకం క్షేమకరం కాదని అది సూచిస్తుంది.

తల్లి హింసకు గురికావడం చూస్తూ పెరిగిన చలం, పాఠశాలల తనిఖీ అధికారిగానూ పనిచేసిన చలం, ‘బిడ్డల శిక్షణ’లో దండననూ భయపెట్టడాన్నీ తిరస్కరించారు. ఆ వాదానికి కాలం చెల్లలేదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలతో చేసి, 2007లో ప్రకటించిన అధ్యయనంలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసను ఎదుర్కొన్నట్లు తేలింది.

అయితే ఈ పఠనానికి రెండు హద్దులున్నాయి. మొదటిది, వైద్యం చెప్పే సంభావ్యతను పాత్రల తలరాతగా భావించరాదు. సీతారామారావు నశిస్తాడు, దయానిధి తనతో తాను రాజీపడే స్థితికి చేరుకొంటాడు. అమృతం వంటివారి ఆత్మీయత అతడికి లభించడం ఈ భేదానికి ఒక కారణం. స్థిరమైన అనుబంధం గాయపు తీవ్రతను తగ్గిస్తుందని వైద్యపరిశోధకులూ అంగీకరిస్తారు. రెండవది, ఈ నాయకులిద్దరూ చదువుకు నోచుకొన్న కుటుంబాల పురుషులు. గోపీచంద్ స్వగ్రామం అంగలూరు ఉన్న ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే నూజివీడు, జి. కొండూరు ప్రాంతాల మామిడితోటలున్నాయి. కోతల కాలంలో అక్కడ కూలికి వెళ్ళే తల్లి బిడ్డను ఇంట విడిచివెళ్తే, దానికి కారణం ప్రేమలేమి కాదు, పనివేళలు. దానిని కేవలం ‘నిర్లక్ష్యం’గా నమోదు చేస్తే పేదరికాన్ని తల్లి దోషంగా లెక్కించినట్లవుతుంది. ఆ బిడ్డ అనుభవించే లేమి మాత్రం వాస్తవమే.

కనుక ఈ నవలలను వ్యక్తి మనస్తత్వ చిత్రణలుగా మాత్రమే పరిగణించడం అసమగ్రం. బిడ్డ దేహంపై కుటుంబం, లోకం వేసే ముద్రలకు ఇవి సాక్ష్యాలు. ఆ సాక్ష్యాన్ని శ్రామికుల పిల్లల జీవితాలను చిత్రించిన కథలతో కలిపి చదివినప్పుడే తెలుగు సాహిత్యంలో బాల్యగాయాల చరిత్ర సమగ్రమవుతుంది.