రెండో రాయి

దసరా దాటిందంటే మా ఇంటికి వ్యాసాలు రావడం మొదలవుతుంది. అమెరికా కాలేజీలకు దరఖాస్తు పెట్టుకునే మేనకోడళ్లు, వాళ్ల స్నేహితులు, ఆ స్నేహితుల తమ్ముళ్లు. కామన్ యాప్‌లో పెట్టే వ్యాసానికి 650 మాటలు హద్దు. "మామయ్యా, ఒక్కసారి చూడరా" అంటారు గానీ అడిగేదంతా మార్జిన్ ఎంత, ఫాంటు టైమ్స్ న్యూ రోమనేనా, వరసల మధ్య ఎంత జాగా, పైన పేరు పెట్టాలా అనే. ఆ పెట్టెలో అవేవీ బతకవమ్మా అంటాను. వర్డ్‌లో ముస్తాబు చేసిందాన్ని తెచ్చి అక్కడ పేస్ట్ చేస్తే ఫాంటు పోతుంది, మార్జిన్లు పోతాయి, పేరా మొదట్లో వదిలిన జాగా పోతుంది. బోల్డు, ఇటాలిక్కు, కింద గీత నిలుస్తాయి. వాటి జోలికీ పోకపోవడమే మేలు. పేరాకూ పేరాకూ నడుమ ఒక ఖాళీ వరస వదిలితే పని అయిపోయినట్టే.

"మరి ఫార్మాటింగ్ అంటే ఇంకేం మిగిలింది?" అని ఈ ఏడు ఒక పిల్ల నిలదీసింది. అప్పుడు నాకు బస్తర్ గుర్తొచ్చింది.

బస్తర్ సీమలోని దంతెవాడలో శంఖిని, డంకిని నదులు కలిసేచోట దంతేశ్వరి గుడి ఉంది. ప్యాంటుతో లోపలికి పోనివ్వరు. పంచో లుంగీయో చుట్టుకోవాలి. బస్తర్ రాజు దిక్పాలదేవుడు 1703లో ఈ అమ్మవారి పేర రెండు రాళ్ల మీద శాసనం వేయించాడు. ఒకదాని మీద సంస్కృతం, రెండోదాని మీద అదే సంగతి జనం మాటలో. ఛత్తీస్‌గఢీలో దొరికిన తొలి రాత ఇదేనని ఆ భాషవాళ్లు చెప్పుకుంటారు. దాన్ని వెలుగులోకి తెచ్చినవాడు రాయబహద్దూర్ హీరాలాల్. రాసినవాడు రాజగురువు భగవాన్ మిశ్ర, మైథిల పండితుడు. నేను మెచ్చుకోబోతున్నది ఈ మిశ్రగారి పనితనాన్నే. రాజుగారి సంగతి ఆయన చూసుకున్నాడు.

రెండో రాయి ఒక్క ముక్కలో దేవికి జయం పలుకుతుంది. ఆ వెంటనే తానెందుకు పుట్టిందో చెప్పుకుంటుంది: ప్రశస్తి దేవభాషలో వేరే రాతి మీద ఉంది, కలియుగంలో సంస్కృతం చదవగలవాళ్లు కొద్దిమందే ఉంటారు, అందుకని ఈ రాతి మీద 'భాష'లో, అంటే జనం మాటలో రాశాం, అని. ఇంకో మాట లేదు. సంస్కృతమే బతుకుతెరువైన పండితుడు తన విద్యకు చదివేవాళ్లు కరువవుతారని రాతి మీదే ఒప్పుకోవడం చూడండి. నిష్ఠూరం లేదు, లోకం చెడిపోయిందన్న సణుగుడూ లేదు. చదివేదెవరో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే అక్షరం చెక్కించాడు.

తెలుగువాళ్లకు మాత్రం ఇక్కడ కాస్త గుచ్చుకుంటుంది. ఎందుకంటే తర్వాతి వాక్యాలన్నీ మన ఓరుగల్లు గురించే. అర్జునుడి సంతతివాళ్లు హస్తినాపురం విడిచి ఓరుగల్లు రాజులయ్యారు, ఆ వంశంలో కాకతి ప్రతాపరుద్రుడు తొమ్మిది లక్షల విలుకాండ్రకు దొర, ఆయన రాజ్యంలో బంగారు వాన కురిసింది, ఆయన తమ్ముడు అన్నమరాజు ఓరుగల్లు విడిచి బస్తర్‌లో రాజయ్యాడు. ఇంత చెప్పి తెలుగు ముక్క ఒక్కటీ లేదు. ఆ నేలకు తెలుగు శాసనం కొత్త అనుకుందామా అంటే, కాదు. దగ్గర్లోని బార్సూరులో అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే నాగవంశపు సోమేశ్వరదేవుడి రాణి గంగమహాదేవి రెండు శివాలయాలకు ఊరు దానమిస్తూ తెలుగులోనే శాసనం వేయించింది. 1703 నాటికి దంతెవాడ జాతరలో నిలబడి తెలుగు చదివేవాళ్లు ఎందరని మిశ్రగారు చూసుకుని ఉంటాడు. ఓరుగల్లు పేరు రాజుకు కావాలి, ఓరుగల్లు లిపి జనానికి అక్కర్లేదు.

వంశావళి దగ్గర మాత్రం ఈయన చేతివాటం చూడాల్సిందే. అన్నమరాజు తర్వాత హమ్మీరదేవుడు మొదలు పేరు వెంట పేరు గబగబా నడిచి, దిక్పాలుడి దగ్గర ఆగుతుంది. ఓరుగల్లు పడింది 1323లో. శాసనం 1703లో. అంటే 380 ఏళ్లు, ఎనిమిది తొమ్మిది తరాలు, తరానికి నలభై ఏళ్లకు పైనే! సింథియా టాల్బట్ లాంటి చరిత్రకారులు ఈ చుట్టరికాన్ని నమ్మకపోవడానికి ఈ లెక్కే చాలు. చేయని ఇంటర్న్‌షిప్పును దరఖాస్తులో ఇరికించే మన పిల్లలకు ఈ పేరా ముత్తాత. అబద్ధమో నిజమో గానీ, చదువుతున్నప్పుడు ఎక్కడా తట్టదు. వేగం అలాంటిది.

ఆ వేగం దిక్పాలుడి దగ్గర తగ్గుతుంది. చందేల రాజకుమారి అజబ్ కుమారితో పెళ్లి, యువరాజు రక్షపాలదేవుడి పుట్టుక, నవరంగపూర్ కోట మీద దండయాత్ర. కోట పడిన సంగతి రచ్చబండ మీద కబురు చెప్పినట్టుంటుంది. గెలిచిన ఊరిని తిరిగి ఇచ్చేసి అక్కడ ఒడియా రాజును నిలబెట్టిన మాట కూడా అదే ఊపిరిలో వస్తుంది. గొప్పతనం గురించి విడిగా వ్యాఖ్యానం లేదు.

ఇక నేను పదేపదే వెనక్కి వెళ్లి చదివే చోటు తేదీ. సంవత్ పదిహేడు వందల అరవై అని మాటల్లో రాసి, పక్కనే 1760 అని అంకెల్లో వేశాడు. మనం చెక్కు మీద ఇప్పుడు చేసేది అదే. అంకె అరిగిపోతే మాట చెబుతుంది, మాట చెదిరితే అంకె చెబుతుంది. శాసనం చెప్పే అమ్మవారి జాతర చైత్ర శుద్ధ చతుర్దశినాడు మొదలై వైశాఖ బహుళ తదియకు ముగిసిందట. మన పంచాంగం చేత్తో పట్టుకుని చదివితే అది నెలా ఐదు రోజుల జాతర అవుతుంది. నేనూ మొదట అలాగే బోల్తా పడ్డాను. మన నెల అమావాస్యతో ముగిస్తే ఉత్తరాదివాళ్ల నెల పున్నమితో ముగుస్తుంది. చైత్ర పున్నమి మర్నాడే వాళ్లకు వైశాఖం. చతుర్దశి, పున్నమి, పాడ్యమి, విదియ, తదియ: ఐదు. తర్వాతి వాక్యంలో వేల దున్నపోతులు, మేకపోతులు తెగి, శంఖిని నీళ్లు కుసుమపువ్వు రంగులో పారింది ఎన్ని రోజులనుకున్నారు? ఐదే. బలి లెక్కలో పెంచి చెప్పినా చెప్పి ఉండొచ్చు గానీ రోజుల లెక్క మాత్రం తిథులతో అతికినట్టు సరిపోయింది.

చివర సంతకం. ఈ సంగతిని భాషలోనూ సంస్కృతంలోనూ రెండు రాళ్ల మీదా రాయించింది రాజగురువు భగవాన్ మిశ్ర అని. అక్కడితో ఆపితే బాగుండేది. కానీ పండితుడు గదా, చేయి ఊరుకోలేదు. సంతకమయ్యాక ఇంకో వాక్యం: దేవుడంతటి దిక్పాలుడి లాంటి రాజు కలియుగంలో మరొకడు ఉండడు, అని. మొదట కలియుగంలో చదివేవాళ్లు కరువు, చివర కలియుగంలో ఇలాంటి రాజు కరువు.

ఇదంతా ఆ పిల్లకు ఫోనులో చెప్పాను. తన వ్యాసంలో 'ప్లెతోరా' అన్న మాట మూడుసార్లుంది. ఊరి చెరువు ఎండిన ఏడాదిని "కొన్నేళ్ల కిందట" అని దాటేసింది. రెండు రోజులకు తిరగరాసి పంపింది. మాటలు 611. చెరువుకు సంవత్సరం వచ్చింది, నెల కూడా వచ్చింది. ప్లెతోరా ఒక్కటి మిగిలింది, అదీ ఆఖరి వాక్యంలో. తీసేద్దామంటే, "అదొక్కటీ ఉండనివ్వండి మామయ్యా" అని బతిమాలింది. మిశ్రగారి సంతకం కింది వాక్యం తలుచుకుని ఉండనిచ్చాను.