‘కట్టు’: కర్త ఎవరు?

నిఘంటువు ఒక మాటకున్న అర్థాలన్నిటినీ పక్కపక్కన పేర్చి వూరుకుంటుంది. ఆ అర్థాల మధ్య వున్న తగాదాను చూపడం విమర్శకుని పని. ‘కట్టు’ అనే మాటనే తీసుకుందాం. పశువును కట్టేస్తాం, గాయానికి కట్టు కడతాం, ఇల్లు కడతాం, శిస్తు కడతాం. వీటన్నిటిలో కట్టేవాడెవడో స్పష్టమే.

చిక్కంతా ‘కొను’ చేరినప్పుడు వస్తుంది. దొర ముందు పాలేరు చేతులు కట్టుకొని నిలబడతాడు. పేదతల్లి నోరు కట్టుకొని పిల్లలకు పెడుతుంది. వ్యాకరణం ప్రకారం ఇక్కడ కట్టినదీ తానే, కట్టుబడినదీ తానే. నిజానికి ఆ చేతులను కట్టినది దొరకున్న భూమి. ఆ నోటిని కట్టినది చాలీచాలని కూలి. తాడు కంటికి కనిపించదు గనుక మొదటిదానిని వినయమనీ, రెండవదానిని త్యాగమనీ మెచ్చుకుంటాం. ఒంటి మీది కట్టు మనసులోకి దిగడమంటే ఇదే.

‘కట్టుబాటు’ ఇంకొక అడుగు ముందుకు వేసింది. అందులో కర్తే లేడు. ‘కులకట్టుబాటు’ అన్నప్పుడు ఎవరు పెట్టారు, ఎవరి మేలుకు పెట్టారు అని అడిగే చోటే వుండదు. పైగా దానిని మీరినవాడు ‘కట్టు తప్పినవాడు’!

అప్పు కట్టేదాకా మనిషిని కట్టిపెట్టడం తరతరాలు న్యాయమైన బేరంగా చలామణి అయింది. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ఆ అప్పులను కొట్టివేసి, వెట్టి చేయించడాన్ని శిక్షార్హమైన నేరం చేసింది. అనగా, మాట దాచిన కర్తను చట్టం పట్టి చూపింది. అయితే చట్టంలో కర్త దొరికినంత మాత్రాన వూళ్ళో తాడు తెగదు.

ఇక మన సంగతి. సభలలో మనం తరచు వాడే ‘నిబద్ధత’ కూడా బంధంలోనుంచి పుట్టిన మాటే. రచయితకు కట్టు ఎందుకని అడిగే మిత్రులను తొందరపడి శత్రువులనరాదు. ఆ కట్టు ఎవరు వేశారు? ప్రశ్నించే హక్కు కట్టుబడినవానికి మిగిలివున్నదా? ఈ రెంటికీ జవాబు చెప్పలేని నిబద్ధత మరొక కట్టుబాటే అవుతుంది.

జవాబు చెప్పగల కట్టు కూడా మన భాషలో లేకపోలేదు. కూలీలు జట్టు కడతారు. సమ్మెకు నడుం కడతారు. నాట్లలో పాట కడతారు. అక్కడ కర్తను వెతకనక్కరలేదు.